సెంట్రోసోమ్: కణవిభజనలో పాత్ర, మేనరికపు వివాహాలతో సంబంధం

జంతుకణంలో కేంద్రకానికి సమీపాన ఉండి, కణవిభజనను క్రమబద్ధం చేసే సూక్ష్మభాగమే సెంట్రోసోమ్. కణమనగా కన్నడ పాఠ్యపుస్తకాలలోని ‘జీవకోశ’. జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ బొవెరి 1888లో దీనికి ఈ పేరు పెట్టాడు. వరి, ప్రత్తి వంటి పుష్పించే మొక్కలలో సెంట్రోసోములు ఉండవు.

నిర్మాణం: సెంట్రోసోమ్‌లో ఒకదానికొకటి లంబంగా అమరిన రెండు సెంట్రియోళ్ళు ఉంటాయి. మూడేసి నాళికలు గల 9 కట్టలు వలయంగా చేరి సెంట్రియోల్ గోడ ఏర్పడుతుంది. దాని పొడవు మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. చుట్టూ ఆవరించిన ప్రోటీను పదార్థం నుండి సూక్ష్మనాళికలు వెలువడతాయి.

ద్విగుణీకరణం: జి-1 దశలో కణానికి ఒకే సెంట్రోసోమ్ ఉంటుంది. డి.ఎన్.ఏ. రెట్టింపయ్యే ఎస్ దశలో పాత సెంట్రియోళ్ళలో ప్రతిదాని ప్రక్కన ఒక క్రొత్త సెంట్రియోల్ మొలుస్తుంది. జి-2 దశలో అవి ఎదుగుతాయి. ఎం దశలో రెండు సెంట్రోసోములు కణపు రెండు ధ్రువాలకు చేరి, వాటి నడుమ కండె పోగులు ఏర్పడతాయి. ఆ పోగులు క్రోమోసోములను పిల్లకణాలకు సమానంగా పంచుతాయి.

ఒక కణచక్రంలో ఈ రెట్టింపు ఒక్కసారే జరగాలి. సంఖ్య మించితే క్రోమోసోముల పంపకం తప్పుతుంది. దీనికి క్యాన్సర్‌తో సంబంధం ఉండవచ్చునని బొవెరి 1914లోనే సూచించాడు. అనేక క్యాన్సర్ కణాలలో అధిక సెంట్రోసోములు కనబడుతున్నాయి.

మేనరికం, చిన్న తల: గర్భస్థ శిశువు మెదడులో కణాలు అతివేగంగా విభజన చెందుతాయి. సెంట్రోసోమ్ ప్రోటీనులకు సంబంధించిన జన్యువులు లోపిస్తే మెదడు కణాలు తగ్గి, శిశువు తల మిక్కిలి చిన్నదిగా ఉంటుంది. ఇదే వంశపారంపర్య మైక్రోసెఫలీ. దీనికి కారణమైన ఏ.ఎస్.పి.ఎం. జన్యువును 2002లో గుర్తించారు.

తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపజన్యువును మోస్తున్నప్పుడు ప్రతి కాన్పులోను శిశువుకు ఈ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామను, మేనబావను పెండ్లాడే ఆచారమున్న కుటుంబాలలో ఇరువురూ ఒకే పూర్వీకుని నుండి ఆ జన్యువును పొందే సంభావ్యత హెచ్చు. రాయచూరు సీమలోను, సరిహద్దుకు ఆవలి తెలుగు గ్రామాలలోను ఈ ఆచారం నేటికీ ఉన్నది. ఇట్టి శిశువు జననానికి గ్రహణం గాని, తల్లి నడవడి గాని కారణం కాదు.

తల చిన్నదగుటకు గర్భిణికి సోకే రుబెల్లా వంటి ఇతర కారణాలు కూడ ఉన్నవి. కనుక అట్టి శిశువు ఉన్న కుటుంబం మరుకాన్పుకు ముందే జన్యు సలహా పొందుట శ్రేయస్కరం. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ఇందుకు వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉన్నది.