విద్యార్థులే రూపకర్తలు: మల్టీమీడియా ప్రాజెక్టుల ద్వారా అభ్యసనం

పాఠాన్ని విని తిరిగి అప్పగించడం ఒక ఎత్తు. అదే పాఠాన్ని మరొకరికి బోధపడే విధంగా రూపొందించడం మరొక ఎత్తు. రెండవ పనికి పూనుకొన్న విద్యార్థి ఏది ముఖ్యమో, ఏది అనవసరమో, దేని తరువాత ఏది చెప్పాలో స్వయంగా నిర్ణయించుకోవలసి వస్తుంది. తనకే తెలియని విషయాన్ని ఇతరులకు తెలియజెప్పడం సాధ్యం కాదు గనుక, ఈ ప్రయత్నంలో తన అవగాహనలోని లోపాలు తనకే స్పష్టమవుతాయి. అక్షరాలు, చిత్రాలు, ధ్వని, వీడియో, యానిమేషన్‌లను కంప్యూటరు సహాయంతో జోడించి ఒక విషయాన్ని వివరించే ఇట్టి కృషినే మల్టీమీడియా ప్రాజెక్టు అంటున్నారు. తెరపై కనిపించే హంగులకన్నా, వాటి వెనుక విద్యార్థి తీసుకొన్న నిర్ణయాలలోనే దీని విద్యా ప్రయోజనం ఇమిడి ఉన్నది.

నేపథ్యం

చేస్తూ నేర్చుకోవడం అనే భావన కంప్యూటర్లకన్నా పాతది. అమెరికా విద్యావేత్త విలియం కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిని ప్రతిపాదించారు. మన దేశంలో మహాత్మా గాంధీ సూచనలపై 1937లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సు, చేతిపనిని కేంద్రంగా చేసుకొన్న బోధనకు నాంది పలికింది. కంప్యూటరును సైతం అటువంటి పనిముట్టుగా పిల్లల చేతికి అందించవచ్చునని నిరూపించిన వారిలో సేమూర్ పేపర్ట్ ముఖ్యులు. ఆయన సహచరులతో కలిసి 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. కంప్యూటరు పిల్లవానికి పాఠం చెప్పడం కంటే, పిల్లవాడే కంప్యూటరుకు పని నేర్పడం మేలన్నది ఆయన సిద్ధాంత సారం.

బోస్టన్ అనుభవం

ఈ సిద్ధాంతాన్ని ఇదిత్ హారెల్ అనే పరిశోధకురాలు 1980వ దశకంలో బోస్టన్ నగరంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో పరీక్షించారు. నాలుగవ తరగతికి చెందిన 17 మంది విద్యార్థులకు ఆమె ఒక పని అప్పగించారు. మూడవ తరగతి పిల్లలకు భిన్నాలు నేర్పే సాఫ్ట్‌వేరును ప్రతి ఒక్కరూ లోగో భాషలో తయారు చేయాలి. సుమారు 15 వారాలపాటు సాగిన ఈ కృషిలో విద్యార్థులు తమ ఆలోచనలను, ఎదురైన చిక్కులను, చేసిన మార్పులను నోటు పుస్తకాలలో రాసుకొన్నారు. ఇతర పద్ధతులలో చదివిన తరగతులతో పోల్చి చూసినప్పుడు భిన్నాల అవగాహనలోనూ, ప్రోగ్రామింగులోనూ వీరే మెరుగైన ఫలితాలు సాధించారు. సగం, పావు అనే భావనను తమకన్నా చిన్నవారికి ఎలా చూపించాలన్న ఆలోచనే వారిని గణితంలోని మూలాలకు చేర్చింది.

కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ పాఠశాలల్లో 1995 తరువాత చేపట్టిన ‘ఛాలెంజ్ 2000’ మల్టీమీడియా ప్రాజెక్టు ఈ పద్ధతిని విస్తృత స్థాయిలో అమలు చేసింది. నిలువ నీడ లేని విద్యార్థుల సమస్యలపై కరపత్రం రూపొందించమని కోరి పరీక్షించగా, విషయ పరిజ్ఞానంలో, పాఠకులను దృష్టిలో ఉంచుకోవడంలో, రూపకల్పనలో ఈ ప్రాజెక్టు విద్యార్థులు ఇతరులకంటే ముందున్నట్లు తేలింది.

మన పొరుగున

కేరళ రాష్ట్రం 2001లో ఐ.టి.@స్కూల్ కార్యక్రమాన్ని ప్రారంభించి, పాఠశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వ్యాప్తిలోకి తెచ్చింది. 2018లో ఆరంభమైన ‘లిటిల్ కైట్స్’ క్లబ్బుల ద్వారా అక్కడి ఉన్నత పాఠశాలల విద్యార్థులు యానిమేషన్, ఎలక్ట్రానిక్స్, మలయాళంలో కంప్యూటరు వినియోగం, సైబర్ భద్రత మొదలగు అంశాలలో శిక్షణ పొందుతున్నారు. మాతృభాషలో డిజిటల్ సామగ్రిని తయారుచేసే నేర్పు పాఠశాల దశలోనే అలవడడం ఇందులోని విశేషం.

కార్యకలాపాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకొనే అవకాశం కల్పించాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వెలువడిన రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం దరిమిలా నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకు స్థానం లభించింది. అయితే ఆచరణలో అనేక ప్రాజెక్టులు నెట్ సెంటర్లలో ముద్రించిన కాగితాలుగానో, తల్లిదండ్రులు రాత్రికి రాత్రి పూర్తిచేసిన చార్టులుగానో పరిణమించిన సంగతి ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. నేడు కృత్రిమ మేధ సాధనాలు కొన్ని నిమిషాల్లో చిత్రాలను, వ్యాఖ్యానాన్ని సిద్ధం చేయగలుగుతున్నందున ఈ సమస్య మరింత తీవ్రమైంది. మార్కులు లభించినా విద్యార్థికి దక్కవలసిన విద్య దక్కకుండా పోతున్నది.

ఆచరణ విధానం: ఒక ఉదాహరణ

‘కాకతీయుల కాలం నాటి చెరువులు’ అనే అంశం ఇస్తే విద్యార్థులు అంతర్జాలం నుండి నకలు చేయడానికే మొగ్గు చూపుతారు. ‘మా ఊరి చెరువు నిండితే ఏయే పొలాలకు నీరు అందుతుంది?’ అని అడిగినప్పుడు జవాబును స్వయంగా సేకరించక తప్పదు. కట్ట, తూము, అలుగు ఎక్కడెక్కడ ఉన్నవో చూడాలి. ఆయకట్టు రైతులను, నీటిని వదిలే నీరటిని ప్రశ్నించి వారి మాటలు రికార్డు చేయాలి. గ్రామ పటాన్ని గీయాలి. ఒకరు చెప్పినదానికీ, మరొకరు చెప్పినదానికీ పొంతన కుదరనప్పుడు మూడవ ఆధారాన్ని వెదకాలి.

అనంతరం ఏ దృశ్యం తరువాత ఏది రావాలో, ప్రతి దృశ్యంలో ఏ మాట వినిపించాలో కాగితంపై గళ్లు గీసి రాసుకోవాలి. దీనినే స్టోరీబోర్డు అంటారు. ఉపాధ్యాయుడు దానిని పరిశీలించిన పిమ్మటనే కంప్యూటరు వద్దకు వెళ్లడం ఉత్తమం. ధ్వనిని సరిచేయడానికి ఆడాసిటీ, కదిలే బొమ్మల కథనానికి 2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. విడుదల చేసిన స్క్రాచ్ వంటి ఉచిత సాధనాలు అందుబాటులో ఉన్నవి.

పనిచేసే కంప్యూటర్లు తక్కువగా ఉన్న పాఠశాలలు సైతం నిరాశ చెందనవసరం లేదు. 40 మంది ఉన్న తరగతిని నలుగురి చొప్పున 10 జట్లుగా విభజిస్తే, 5 కంప్యూటర్లతో రెండు విడతలుగా పని జరపవచ్చును. అధిక భాగం కృషి చెరువు కట్టపైన, కాగితంపైన జరిగేదే.

మూల్యాంకనం, జాగ్రత్తలు

పూర్తయిన వీడియోను మాత్రమే చూసి మార్కులు వేయడం సమంజసం కాదు. ప్రశ్నను ఎలా ఎంచుకొన్నారు, ఆధారాలను ఎలా సరిచూశారు, మొదటి స్టోరీబోర్డుకూ తుది రూపానికీ మధ్య ఏ మార్పులు చేశారు, ఎందుకు చేశారు అన్నవి పరిశీలించాలి. జట్టులోని ప్రతి విద్యార్థినీ విడిగా రెండు ప్రశ్నలు అడిగితే ఎవరి పాలు ఎంతో తెలిసిపోతుంది. ప్రాజెక్టును కింది తరగతి పిల్లలకు ప్రదర్శింపజేసి, వారికి అర్థం కాని చోట తిరిగి సవరింపజేయడం మరీ మంచిది.

ఇతరుల చిత్రాలు, పాటలు వాడునప్పుడు 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. విద్యార్థులు స్వయంగా తీసిన ఫొటోలు, గీసిన బొమ్మలు శ్రేయస్కరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 సంవత్సరాలలోపు వారిని బాలలుగా పరిగణిస్తున్నది. కావున పిల్లల ముఖాలు, పేర్లు గల వీడియోలను తల్లిదండ్రుల సమ్మతి లేనిదే అంతర్జాలంలో ఉంచరాదు. తెలుగు పాఠ్యాన్ని యూనికోడ్‌లోనే టైపు చేసినట్లయితే మరొక కంప్యూటరులో తెరచినప్పుడు అక్షరాలు చెదరవు. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా లభిస్తున్నవి. ప్రాజెక్టు ప్రతిని పాఠశాలలోనే భద్రపరచడం కూడా అవసరం. 1996లో ఆరంభమై అనేక దేశాల విద్యార్థులు రూపొందించిన వెబ్‌సైట్లకు నిలయమైన థింక్‌క్వెస్ట్ 2013లో మూతపడిన ఉదంతం ఇందుకు హెచ్చరిక.

ఒక ఊరి చెరువు గురించి ఆ ఊరి పిల్లలు తయారు చేసిన పది నిమిషాల వీడియో, సాంకేతికంగా ఎన్ని లోపాలున్నప్పటికీ, తరువాతి తరగతులకు స్థానిక పాఠ్యసామగ్రిగా ఉపకరిస్తుంది. ప్రతి సంవత్సరం ఒక్కొక్క జట్టు మరికొంత సమాచారాన్ని చేర్చుతూ పోయినట్లయితే గ్రామానికి సంబంధించిన విజ్ఞానం పాఠశాలలో నిక్షిప్తమవుతుంది. ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పిల్లల పనిని తాము పూర్తిచేసే ప్రయత్నం మాని, వారికి కావలసిన సమయాన్ని, ప్రోత్సాహాన్ని అందించినప్పుడే ఈ విధానం ఆశించిన ఫలితాలను ఇవ్వగలదు.