మొహం లేని మొదటి పాట

సౌదీ అరేబియాలో రాక్ బ్యాండా? అందులోనూ ఆడపిల్లల బ్యాండా? ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. నేనూ నవ్వినవాణ్ణే. 2008 చివర్లో జెద్దాలో మా ఆఫీసులో పక్క సీటు సౌదీ కుర్రాడు తన హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకి తగిలించి, "మా ఊరి అమ్మాయిలు" అన్నాడు. గిటారు మోత, దానిమీద ఒక ఆడగొంతు, ఇంగ్లీషు మాటలు. పాట పేరు 'పినాకియో'. అబద్ధమాడితే ముక్కు పెరిగే ఆ కొయ్యబొమ్మ పేరే. బ్యాండు పేరు 'ది అకొలేడ్'.

నేను ఆ ఊరికి ఎలా చేరానంటే, కాకినాడలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కొన్నేళ్లు కోడు రాసి, 2007లో హెచ్-1 లాటరీలో పేరు తగలక, ఎవరో చెబితే జెద్దా విమానం ఎక్కాను. అప్పటికి పెళ్లయి ఏడాది. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటూ ఆ ఊరి గురించి రాస్తుంటే కలిసివచ్చే కాలానికి ఎక్కడెక్కడో తిరగాలంటారే, ఆ మాట గుర్తొస్తోంది.

అప్పటి సౌదీ ఎలా ఉండేదో గల్ఫ్‌లో పనిచేసిన పాఠకులకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. సినిమా హాలు లేదు. ఆడవాళ్లు కారు నడపకూడదు. నమాజు వేళకి కొట్లన్నీ షట్టర్లు దించేవి. పాటల సీడీలు అమ్మే కొట్లు ఉండేవి కానీ, అట్టమీద గాయని బొమ్మ ఉంటే ఆమె చేతులమీద, మెడమీద ఎవరో నల్ల మార్కరు పెన్నుతో ఓపిగ్గా రుద్దేసేవారు. ఇన్ని వేల అట్టలు రుద్దే ఉద్యోగం ఎవరిదో కానీ, ఆ మనిషిని ఒక్కసారి చూడాలనిపించేది నాకు!

అంతమాత్రాన అక్కడ సంగీతమే లేదనుకుంటే పొరపాటు. తలాల్ మద్దా అనే మహాగాయకుడు 2000 ఆగస్టులో అభా నగరంలో వేదికమీదే, పాడుతూ పాడుతూ కుప్పకూలి కన్నుమూశాడు. ఆడవాళ్ల పెళ్లి హాళ్లలో డప్పులు వాయిస్తూ పాడే స్త్రీల బృందాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆడవాళ్ల ముందు ఆడవాళ్లు పాడటానికి అభ్యంతరం లేదు. గోడ దాటి గొంతు బయటికి వస్తేనే చిక్కు. ఇతాబ్ అనే గాయని దేశం విడిచి ఈజిప్టులో స్థిరపడి, 2007లో అక్కడే పోయింది. 1979లో మక్కాలో పెద్ద మసీదును సాయుధులు ఆక్రమించిన తర్వాత, ప్రభుత్వం మతపెద్దల మాటకి మరింత బరువిచ్చింది. గోడలు ఇంకాస్త ఎత్తు లేచింది అప్పుడే.

రాక్ సంగీతం మాత్రం ఆ గోడల కిందనుంచి దూరింది. తూర్పున చమురు ప్రాంతంలో 'సౌండ్ ఆఫ్ రూబీ' అనే పంక్ బృందం 1996లోనే మొదలైంది. పంక్ అంటే ఏమిటని మా నాన్నగారు ఒకసారి అడిగితే, "నాలుగు స్వరాలు వస్తే చాలు, ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు అనే సంగీతం" అని చెప్పాను. "మా భజన మండలి లాంటిదన్నమాట" అన్నారాయన. అంత తప్పేం కాదు. న్యూయార్క్‌లో 'రామోన్స్' వాళ్లు 1976లో మొదటి రికార్డును చాలా తక్కువ డబ్బుతో, కొద్ది రోజుల్లో చుట్టేశారు. కంపెనీలు పట్టించుకోకపోతే మనమే చేసుకుందాం అనే ధోరణి అక్కడినుంచి పాకింది. ఇండిపెండెంట్ బ్యాండు అంటే మన భాషలో చెప్పాలంటే సొంత డబ్బుతో పుస్తకం అచ్చువేసుకుని, స్నేహితులకి పంచిపెట్టే కవి. ఈ సంచిక చదివేవారిలో ఆ కష్టం తెలిసినవాళ్లు కొంతమందైనా ఉంటారు.

అకొలేడ్ వాళ్ల సంగీతం పంక్ కాదు, ఆల్టర్నేటివ్ రాక్. పని పద్ధతి మాత్రం అచ్చంగా అదే. నలుగురు కాలేజీ అమ్మాయిలు. గిటారు మొదలుపెట్టిన అమ్మాయి, ఆమె చెల్లెలు, పాడే అమ్మాయి, కీబోర్డు వాయించే అమ్మాయి. సాధన ఇంట్లోనే. ఎడ్మండ్ బ్లెయిర్ లేటన్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1901లో వేసిన ఒక పటం ఉంది. మోకాళ్లమీద కూర్చున్న యువ యోధుడి భుజంమీద ఒక స్త్రీ కత్తి ఆనించి వీరుడి హోదా ఇస్తూ ఉంటుంది. దాని పేరే 'ది అకొలేడ్'. బ్యాండుకి ఆ పేరు పెట్టుకోవడంలోనే సగం సంగతి ఉందని నాకనిపిస్తుంది. బిరుదు ఇచ్చే చెయ్యి ఆడదానిది.

సరే, పాట తయారైంది. విడుదల ఎలా? కచేరీ చేయడానికి వేదిక లేదు. అట్టమీద ఫొటో వేసుకోవడానికి లేదు. ఇంటిపేర్లు బయటపెట్టడానికి లేదు. దారి ఒక్కటే. సౌదీలో ఇంటర్నెట్ 1999లో జనానికి అందుబాటులోకి వచ్చింది, అదీ ప్రభుత్వ ఫిల్టర్ల గుండా. అప్పటికి కుర్రకారంతా గుమిగూడే మైస్పేస్ ఆ జల్లెడలోంచి జారి బయటికొచ్చేది. పాటని అక్కడ పెట్టారు. వందలమంది దింపుకున్నారు. 2008 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ విలేకరి రాబర్ట్ వర్త్ వాళ్ల గురించి రాస్తే ప్రపంచమంతా చదివింది. ఆ వ్యాసంలోనూ అమ్మాయిలకి మొదటి పేర్లే ఉన్నాయి, ఇంటిపేర్లు లేవు.

ఆ ఏడాదే ఖోబర్‌లో 'అల్-నమ్రూద్' అనే మెటల్ బృందం పుట్టింది. వాళ్లయితే మొహాలూ పేర్లూ అన్నీ దాచి, కెనడాలోని ఒక చిన్న కంపెనీ ద్వారా రికార్డులు తెచ్చారు. మగవాళ్లకే అంత జాగ్రత్త అవసరమైన చోట ఈ నలుగురూ మొదటి పేర్లయినా చెప్పడం తక్కువ సాహసమేమీ కాదు.

పోల్చి చూసుకోవడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. శ్రీనగర్‌లో ముగ్గురు పదో తరగతి ఆడపిల్లలు 'ప్రగాశ్' అనే బ్యాండు పెట్టి 2012 డిసెంబరులో పోటీలో వేదికెక్కారు. బహుమతి కూడా వచ్చింది. ఆపైన తిట్లు, బెదిరింపులు. 2013 ఫిబ్రవరిలో గ్రాండ్ ముఫ్తీ తప్పుపట్టడంతో మానేశారు. అక్కడ చట్టం వాళ్లని ఆపలేదు. వేదిక ఉంది, మొహం కనిపించింది, రెండు నెలల్లో అయిపోయింది. జెద్దా పిల్లల పాట బతికిందంటే మొహం కనిపించకపోవడం వల్ల కూడానేమో. నాకీ మాట రాయడం ఇష్టం లేదు, కానీ అనిపించింది రాస్తున్నాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అప్పట్లో గురు, శుక్రవారాలు సెలవు. తెలుగు కుటుంబాలు పదీ పన్నెండు కలిసి ఎవరో ఒకరి విల్లా హాల్లో చేరేవాళ్లం. పులిహోర, గారెలు, క్రికెట్ కబుర్లు, ఆఖర్న పాటలు. 2009 ఉగాదికి మా ఆవిడ ఎంకి పాట అందుకుంది. చక్కగా పాడుతుంది, చిన్నప్పుడు నేర్చుకుంది. ఒక మిత్రుడు వీడియో కెమెరా తెచ్చాడు. నేను లేచి వెళ్లి ఆయన చెవిలో, "లెన్సుకి మూత పెట్టండి, గొంతు చాలు" అన్నాను. ఆయన అలాగే పెట్టాడు. ముతవ్వాల భయమని అందరికీ చెప్పాను. మతపోలీసులు ఆ హాల్లోకి ఎందుకొస్తారు? అసలు భయం వేరు. ఆ టేపు ఊళ్లో మా పెద్దనాన్నగారి టీవీలో పడితే, నలుగురు మగవాళ్ల మధ్య కోడలు పాడుతోందని ఎవరేమంటారో అని! నల్ల మార్కరు మనిషిని చూడాలనుకున్నానని రాశాను కదా. ఆ ఉగాదిన అద్దం ముందు నిలబడితే సరిపోయేది.

మా ఆవిడ అప్పుడేమీ అనలేదు.

2011లో మేం అమెరికా వచ్చేశాం. తర్వాత సౌదీ మారిన వేగం చూస్తే మతిపోతుంది. 2016లో మతపోలీసులకి అరెస్టు చేసే అధికారం తీసేశారు, అదే ఏడాది వినోదానికంటూ ఒక ప్రభుత్వ సంస్థ పెట్టారు. 2018లో సినిమా హాళ్లు తెరిచారు, ఆడవాళ్ల చేతికి స్టీరింగు వచ్చింది. 2023 డిసెంబరులో రియాద్‌లో మెటాలికా కచేరీ చేసింది! అదే రియాద్‌లో 'సీరా' అనే ఆడవాళ్ల రాక్ బ్యాండు బహిరంగంగా వేదికలెక్కుతోంది. కారు నడిపే హక్కు అడిగిన స్త్రీలను, ఆ హక్కు వచ్చిన 2018లోనే జైల్లో పెట్టారన్నది కూడా అదే చరిత్రలోని పుట. దాన్ని వదిలేసి ముందుకెళ్లడం నాకు సబబుగా తోచదు.

వేదిక దొరికే రోజులొచ్చాయి, బాగానే ఉంది. మరి వేదిక లేని రోజుల్లో చేసిన పాట? ఇక్కడ నా వృత్తి అడ్డొస్తుంది. 2019 మార్చిలో మైస్పేస్ వాళ్లు చావుకబురు చల్లగా చెప్పారు. సర్వర్లు మార్చేటప్పుడు 2015కి ముందు ఎక్కించినవన్నీ పోయాయట. సుమారు 5 కోట్ల పాటలు, కోటీ 40 లక్షల మంది కళాకారులవి. ఇరవై ఏళ్లకు పైగా డేటా ఒక చోటినుంచి మరో చోటికి తరలించే పనిలో ఉన్నవాణ్ణి. బ్యాకప్ లేకుండా తరలించారంటే నమ్మలేకపోయాను. 2008 నుంచి 2010 దాకా ఎక్కినవాటిలో 4 లక్షల 90 వేల పాటలు ఎవరో పరిశోధకులు అంతకుముందే దాచుకున్నవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరాయి. పోయినవాటితో పోలిస్తే నూటికి ఒకటి.

కంపెనీ రికార్డయితే ఎక్కడో మాస్టరు టేపు ఉంటుంది, గోదాములో నాలుగు డిస్కులు ఉంటాయి. ఇండిపెండెంట్ విడుదలకి విన్నవాళ్లే గోదాము. మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. దాని ప్రింటు మనకి మిగల్లేదు. అది ఫిల్ము, కాలిపోయిందనో పాడైపోయిందనో సరిపెట్టుకుంటాం. పినాకియో వచ్చింది 2008లో. పదకొండేళ్లకే దాని అసలు చోటు మాయమైంది.

ఆ వార్త చదివిన శనివారం గరాజులో అట్టపెట్టెలన్నీ దింపాను. జెద్దాలో కొన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు దొరికింది. తిరగడానికి రెండు నిమిషాలు మొరాయించింది కానీ తిరిగింది. ఎంపీ3 ఉంది. ఆ పెట్టె అడుగున చిన్న వీడియో టేపు కూడా ఉంది, మిత్రుడు కాపీ తీసి ఇచ్చింది. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికి కెమెరా అరువు తెచ్చుకోవలసి వచ్చింది. పదకొండు నిమిషాలు నల్ల తెర, దాని వెనకాల గరిటెల చప్పుడు, పిల్లల ఏడుపు, మధ్యలో మా ఆవిడ గొంతు.

ఆ రాత్రి రెండు ఫైళ్లకీ మూడు చోట్ల కాపీలు పెట్టి వివరాలు నింపుతూ కూర్చున్నాను. మొదటిదానికి కళాకారులు: ది అకొలేడ్. ఊరు: జెద్దా. సంవత్సరం: 2008. అట్టబొమ్మ గడి ఖాళీగానే వదిలేశాను. రెండోదానికి వచ్చేసరికి కుర్చీ వెనక నిలబడి చూస్తున్న మా ఆవిడ, "పేరు రాయండి" అంది.

రాశాను.

"ఇంటిపేరు కూడా. మా పుట్టింటిది" అంది.