ఉద్యోగి వెంట కుటుంబం: పరదేశపు చట్టాలు నేర్పే పాఠం

ఈనాడు హైదరాబాదులోగాని, గుంటూరులోగాని, కర్నూలులోగాని కంప్యూటర్ చదువు చదివిన పిల్లవాడు లేని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. ఆ పిల్లవాడికి పరదేశంలో ఉద్యోగం వచ్చిందనగానే ఇంటిల్లిపాదీ సంతోషిస్తాము, చుట్టపక్కాలకు మిఠాయి పంచుతాము. జీతం ఎంత అని అందరమూ అడుగుతాము. వెంట వెళ్ళే భార్యకు ఆ దేశం ఏ హక్కులు ఇస్తుంది, పిల్లలు అక్కడ ఎన్నాళ్ళు ఉండగలరు అని అడిగేవారు మాత్రం అరుదు. ఈ ప్రశ్నలు ఎందుకు అడగాలో చరిత్రే చెబుతుంది. మనవాళ్ళు పెద్దసంఖ్యలో వెళ్ళిన అమెరికా సంగతి ముఖ్యంగా తీసుకొని నాలుగు మాటలు పాఠకుల ముందు ఉంచదలచాము.

ఇరవయ్యవ శతాబ్దం తొలి రోజుల్లో పంజాబు నుండి కొందరు రైతులు, కూలీలు కాలిఫోర్నియా చేరారు. వారిలో సిక్కులు ఎక్కువ, ముస్లిములు, హిందువులు కూడా ఉన్నారు. 1917 నాటి చట్టం మన దేశం నుండి కూలివాళ్ళ రాకకు తలుపు మూసింది. అప్పటికే వెళ్ళినవారు భార్యాబిడ్డలను పిలిపించుకోలేకపోయారు. వారిలో పలువురు అక్కడి మెక్సికన్ స్త్రీలను పెండ్లాడి కొత్త సంసారాలు పెట్టుకున్నారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చి ఏడాదికి 100 మంది భారతీయులను రానిచ్చింది. వంద మంది! మన ఊళ్ళో ఒక పెండ్లికి వచ్చే బంధువులు అంతకంటె ఎక్కువే.

అసలు మార్పు 1965లో వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం దేశాలవారీ పాత వివక్షను తీసివేసి, చదువు, నైపుణ్యం ఉన్నవారికి చోటు కల్పించింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళడం అప్పుడే మొదలయింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. వారిలో చాలామంది స్థిరనివాసపు అనుమతితో, అంటే ఈనాడు గ్రీన్ కార్డు అంటున్నామే దానితో స్థిరపడ్డారు. భర్తకు ఏ కార్డో భార్యకూ అదే కార్డు. ఆమె కావాలంటే ఉద్యోగం చేయవచ్చు, కావాలంటే ఇంట్లో ఉండవచ్చు. అది ఆమె ఇష్టం. ఆ తరం పెద్దలు సెలవుల్లో వచ్చి "అక్కడ ఏమీ ఇబ్బంది లేదు" అని చెప్పిన మాట వారి మటుకు నిజమే.

తరువాతి తరానికి దొరికిన దారి వేరు. 1952 చట్టంలోనే తాత్కాలిక ఉద్యోగులకు హెచ్-1 అనే తరగతి ఉండేది. 1970లో వచ్చిన సవరణ ఆ ఉద్యోగుల భార్యాపిల్లలను గూడ వెంట రానిచ్చింది. వారి వీసాకు హెచ్-4 అని పేరు. వెంట ఉండవచ్చు, చదువుకోవచ్చు, కాని సంపాదించరాదు. 1990 నాటి చట్టం హెచ్-1బి వీసాను ఏర్పరచి, ఏడాదికి 65,000 అని పరిమితి పెట్టి, మామూలుగా ఆరేళ్ళకు మించి ఉండరాదన్నది.

ఆ తరువాతి సంగతి మనమంతా కళ్ళారా చూసినదే. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయన్న భయంతో అమెరికా కంపెనీలకు ప్రోగ్రాములు దిద్దే మనుషులు కావలసివచ్చారు. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలు తెల్లవార్లూ కిటకిటలాడాయి. హెచ్-1బి పరిమితిని 1999, 2000 సంవత్సరాలకు 1,15,000కు, 2001 నుండి 2003 వరకు 1,95,000కు పెంచారు. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో గాని రాలేదు. అంతవరకు మద్రాసు రైలెక్కి, తెల్లవారుజామున వరుసలో నిలబడి వీసా తెచ్చుకున్న ఇండ్లు ఎన్నో.

అలా వెళ్ళినవారి వెంట వెళ్ళిన ఆడపిల్లల మాట ఎవరు తలచారు? వారూ చదువుకున్నవారే. ఎమ్మెస్సీలు, బి.టెక్‌లు, డాక్టరీలు చదివినవారే. ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పిన ఇల్లాలు అక్కడ నాలుగు గోడల మధ్య కూర్చుని సర్టిఫికెట్లను పెట్టె అడుగున దాచుకుంది. ఉద్యోగానికి అనుమతి లేదు గనుక ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇవ్వరు. భర్త ఉద్యోగం పోతే ఆమె వీసాకూ ఆధారం పోతుంది. విడాకులయితే హెచ్-4 హక్కు అంతటితో సరి. అంటే ఆమె ఆ దేశంలో కాలు నిలిపి ఉండడం పూర్తిగా మరొకరి కాగితం మీద ఆధారపడి ఉన్నదన్నమాట. చట్టం ఆమెను పిలిచే పేరే "ఆధారితురాలు". పేరుకు తగ్గట్టే స్థితి.

విచిత్రమేమంటే, ఒకే కంపెనీలో వేరే రకం వీసా మీద బదిలీ అయి వచ్చిన ఉద్యోగి భార్యకు, అంటే ఎల్-2 వారికి, 2002 జనవరిలోనే పనిచేసే హక్కు వచ్చింది. హెచ్-4 వారికి మాత్రం 2015 మే 26 దాకా ఆగవలసివచ్చింది. అదీ అందరికీ కాదు, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే. పైగా అది చట్టసభ చేసిన చట్టం కాదు, ప్రభుత్వ శాఖ పెట్టిన నిబంధన. తరువాత వచ్చిన ప్రభుత్వం దానిని ఎత్తివేయాలని ప్రతిపాదించింది. 2021లో ఆ ప్రతిపాదన వెనక్కు పోయింది. కోర్టులో వ్యాజ్యం నడిచి, 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు నిబంధన చెల్లుతుందన్నది. ఇన్నేళ్ళూ ఆ ఉద్యోగాలను నమ్ముకొని ఇల్లు కొనుక్కున్నవారికి రాత్రి నిద్ర ఎట్లా పట్టి ఉంటుందో ఆలోచించండి.

ఇక పిల్లల సంగతి. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఇవి ఉద్యోగులకే అని మనం అనుకుంటాము. కాదు, భార్యాపిల్లలను గూడ ఆ లెక్కలోనే వేస్తారు. నలుగురున్న సంసారానికి నాలుగు కార్డులు ఖర్చు. మామూలుగా ఏ ఒక్క దేశానికీ నూటికి ఏడుకు మించి ఇవ్వరు. చిన్న దేశమైనా, మనంత పెద్ద దేశమైనా అదే ఏడు. అందువల్ల మనవాళ్ళ వరుస సంవత్సరాలు దాటి దశాబ్దాలకు పాకింది. దరఖాస్తు నడుస్తుండగా ఆరేళ్ళ గడువు పెంచుకోవచ్చునని 2000లో చట్టం చేశారు. అది మేలే. కాని ఆ మేలుతోనే ఆరేళ్ళ తాత్కాలిక జీవితం కాస్తా పదిహేనేళ్ళ తాత్కాలిక జీవితమయింది. ఈలోగా రెండేళ్ళ వయసులో తల్లి చంకనెక్కి వెళ్ళిన బిడ్డకు 21 నిండితే, ఆ బిడ్డ చట్టం దృష్టిలో "బిడ్డ" కాదు. 2002లో వయసు లెక్కింపులో కొంత సడలింపు ఇచ్చినా అందరికీ అది అందలేదు. తెలుగు రాయరాని, ఇక్కడి బడి ఎరుగని ఆ పిల్లలు అక్కడ విద్యార్థి వీసా వెతుక్కోవాలి, లేదా తాము ఎరుగని దేశానికి తిరిగి రావాలి.

ఉద్యోగం పోయిన రోజు మాట కూడా చెప్పుకోవాలి. 2001లో కంపెనీలు వరుసగా మూతపడినప్పుడు హెచ్-1బి వారికి గడువంటూ ఒక్కరోజు కూడా రాతలో లేదు. 2017 జనవరి నుండి 60 రోజుల దాకా గడువు ఇస్తున్నారు. 2022, 2023లలో పెద్దపెద్ద కంపెనీలు మనుషులను తీసివేసినప్పుడు ఆ అరవై రోజులనే వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు మన పిల్లలు. బడి మధ్యలో పిల్లలు, చేతికందని ఇంటి సామాను, ముందుకా వెనక్కా తెలియని తల్లి. అరవై రోజులు ఎంతలో గడుస్తాయి!

ఇతర దేశాలు ఏం చేశాయో కూడా చూద్దాం. జర్మనీ 2000 ఆగస్టులో కంప్యూటర్ నిపుణులకు 20,000 అనుమతులు ఇస్తామన్నది. కాని అయిదేళ్ళే అన్నది, భార్యకు మొదటి ఏడాది పని లేదన్నది. అనుకున్నంతమంది వెళ్ళలేదు. ఆ పథకం 2004తో ముగిసింది. 2012లో బ్లూ కార్డు పెట్టినప్పుడు భార్యకు వెంటనే పనిచేసే హక్కు కల్పించారు. నిపుణుడు కావాలంటే అతని ఇంటిని గూడ గౌరవించాలని ఆ దేశం నేర్చుకున్నది. మన పాతబస్తీకి బాగా తెలిసిన సౌదీలో మరొక దారి. 2017 జూలై నుండి ఉద్యోగి వెంట ఉన్న ఒక్కొక్క మనిషికి నెలకు 100 రియాళ్ళ సుంకం పెట్టి, ఏటేటా పెంచి 2020 నాటికి 400 చేశారు. భార్య, ముగ్గురు పిల్లలున్న ఇంజనీరుకు నెలకు 1,600 రియాళ్ళు. ఎందరో కుటుంబాలను ఇంటికి పంపి తాము ఒంటరిగా గదుల్లో ఉండిపోయారు.

అమెరికా చట్టంలో మరొక విషయం గమనార్హం. మనకు కుటుంబమంటే అమ్మా నాన్నా కూడా. వారి చట్టంలో కుటుంబమంటే భార్య, 21 ఏళ్ళ లోపు పెండ్లికాని పిల్లలు, అంతే. కన్నవారు అమెరికాకు సందర్శకులుగా కొన్ని నెలలు వచ్చి పోవలసిందే. కొడుకు గ్రీన్ కార్డు దాటి పౌరసత్వం పొందేదాకా వారికి వేరే దారి దాదాపు లేదు. ఇక్కడ ముసలి తల్లి మంచాన పడితే, వీసా ముద్ర కోసం తిరిగి కాన్సులేటులో నిలబడాలన్న భయంతో రాలేకపోయినవారు మన బంధువుల్లోనే ఉన్నారు. 2024 ఆరంభంలో, దేశం దాటకుండానే వీసా పొడిగించే ప్రయోగం 20,000 మందికి చేశారు. అది కూడా ఉద్యోగికే, భార్యాపిల్లలకు కాదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఒక్క సంతకంతో తలుపు ఎంత ఇరుకవుతుందో చూడండి.

ఇంతకూ మేము చెప్పేదేమిటి? వెళ్ళవద్దని కాదు. వెళ్ళినవారు పంపిన డబ్బుతో ఇక్కడ చెల్లెళ్ళ పెండ్లిండ్లయ్యాయి, తమ్ముళ్ళు చదువుకున్నారు. ఆ మేలు మరువరానిది. కాని చట్టం పిలిచింది పనిచేసే చేతులను. ఆ చేతులు పట్టుకొని నడిచే మనుషులను మాత్రం వెనుక వరుసలో నిలబెట్టింది. వారికి దొరికిన ప్రతి హక్కూ ఆలస్యంగా దొరికింది, కొన్ని ఇప్పటికీ దొరకలేదు.

కనుక పెండ్లిచూపుల్లోనే, వీసా కాగితం చూసేటప్పుడే నాలుగు విషయాలు అడగండి. భార్య పనిచేయవచ్చునా, ఎప్పటి నుండి? ఉద్యోగం పోతే గడువు ఎన్ని రోజులు? పిల్లవాడికి 21 నిండేలోగా స్థిరమైన కార్డు వచ్చే ఆశ ఉన్నదా? ఇక్కడి అమ్మా నాన్నను చూసుకునేది ఎవరు? సొంత చదువున్న ఆడపిల్లను అడగకుండా ఆమె తరఫున "సరే" అనకండి. పదేళ్ళనాటి బంధువు అనుభవం ఈనాటి చట్టం కాదని గుర్తుంచుకోండి. ఇవన్నీ తెలిసి, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకొని, ఆ తరువాత విమానం ఎక్కినవారికి మా హృదయపూర్వక శుభాకాంక్షలు.