బొమ్మ కారు వేషంలో మరమనిషి

1984లో మరమనిషి నుంచి వేరే వస్తువుగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు అమెరికా దుకాణాల్లోకి వచ్చినప్పుడు అందరి కళ్లూ ఆప్టిమస్ ప్రైమ్ మీదే. లారీ, వెనక ట్రెయిలర్, చేతిలో తుపాకీ, అన్నీ కలిసి పెద్ద పెట్టె. ధర కూడా దానికి తగ్గట్టే. అంత పెట్టలేని ఇళ్లలోకి అడుగుపెట్టింది మాత్రం బంబుల్‌బీ. అట్టకు అంటించి చవగ్గా అమ్మిన, పిడికిట్లో ఇమిడే పసుపుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అది.

దీని పుట్టిల్లు జపాన్. అక్కడి టకారా కంపెనీ ‘మైక్రో చేంజ్’ పేరుతో ఒక బొమ్మల వరుస తెచ్చింది. అందులోని మరమనుషులు ఇంట్లో కనిపించే వస్తువుల్లా, ఆ వస్తువుల అసలు సైజులోనే మారువేషం వేస్తాయి. ఒకటి క్యాసెట్ ప్లేయర్, ఇంకొకటి పిస్తోలు, మరొకటి మైక్రోస్కోపు. మరి కారు ఇంట్లో ఎలా పడుతుంది? టకారా తెలివంతా ఇక్కడే ఉంది. ఆ మరమనిషి వేసింది కారు వేషం కాదు, బొమ్మ కారు వేషం! అదే కంపెనీ అమ్ముతున్న చోరో-క్యూ పొట్టి కార్ల పోలికలు ఈ బుజ్జి బీటిల్‌లో కనిపించడానికి కారణమదే.

టకారాదే మరో వరుస ‘డయాక్లోన్’. అందులో లోపల డ్రైవర్ బొమ్మను కూర్చోబెట్టేలా అసలు కార్ల నమూనాలుండేవి. అమెరికన్ కంపెనీ హాస్‌బ్రో ఈ రెండు వరుసల్నీ కలిపి ఒకే కథలో పెట్టింది. దాంతో కొలతల పొంతన పోయింది. పిస్తోలుగా మారే మెగాట్రాన్, లారీగా మారే ఆప్టిమస్, బొమ్మ కారుగా మారే బంబుల్‌బీ ఒకే యుద్ధంలో తలపడాల్సి వచ్చింది.

బంబుల్‌బీకి పెద్ద బలం సులువు. చేతులు పక్కలకు లాగి, కాళ్లు బయటికి తీస్తే దాదాపు పని అయిపోయినట్టే. సూచనల కాగితం వెతుక్కోనక్కర్లేదు. ఆప్టిమస్ తుపాకీ మంచం కిందికి దొర్లితే మళ్లీ దొరకడం కష్టం. బంబుల్‌బీకి విడిభాగాలే లేవు, పోగొట్టుకోవడానికి ఏముంటుంది?

లోపాలూ ఆ సులువులోంచే వచ్చాయి. తల తిరగదు, మోకాళ్లు వంగవు. టీవీ కార్టూన్‌లో బంబుల్‌బీది మనిషిని పోలిన ముఖం, బొమ్మదేమో ముసుగు తొడిగినట్టుండే ముఖం. టీవీలో చూసి మనసు పడ్డ పిల్లవాడికి అట్ట విప్పగానే వేరెవరో ఎదురైనట్టు ఉంటుంది. దీనికి తోడు ఇదే బొమ్మను ఎరుపులోనూ అమ్మారు. కార్టూన్‌లో ఎర్రగా ఉండే క్లిఫ్‌జంపర్ అనే మరో పాత్ర బొమ్మను పసుపులోనూ అమ్మారు.

1987లో బంబుల్‌బీ పాత్రకు గోల్డ్‌బగ్ అని కొత్త పేరు పెట్టి, కొత్త బొమ్మకు వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే మోటారు బిగించారు. 1996లో వచ్చిన బీస్ట్ వార్స్ అనే ట్రాన్స్‌ఫార్మర్స్ వరుస బొమ్మల్లో బంతి కీళ్ల వాడకం పెరిగింది. చిన్న బొమ్మలకూ అన్ని వైపులా తిరిగే కాళ్లూ చేతులూ వచ్చాయి. మొదటి బంబుల్‌బీ పక్కన పెడితే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

2007 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో బంబుల్‌బీ షెవర్లే కమారోగా మారింది. 2018లో దాని పేరుతోనే వచ్చిన సినిమాలో మళ్లీ బీటిల్ అయింది. కదలికలు చూసి మార్కులు వేస్తే 1984 బొమ్మ వెనకబడుతుంది. జేబులో వేసుకుని తిరగడానికి, ఎవరి సాయం లేకుండా మార్చుకోవడానికి మాత్రం తొలి ఏడాది ట్రాన్స్‌ఫార్మర్స్‌లో ఆప్టిమస్ కన్నా అదే మెరుగు.