రక్తపోటు బిళ్ళ, క్షయ బిళ్ళ, మన మనసు



మద్రాసులో పెరిగిన మనకు 'కీళ్పాక్కం' అంటే ఒక పేట పేరు మాత్రమే కాదు, ఎగతాళి మాట కూడా. 1794లో కంపెనీ కాలంలో మొదలైన పిచ్చాసుపత్రి 1871లో అక్కడికి మారింది. ఆ పేరుకు భయపడే మన ఇళ్ళలో మనసు జబ్బును దాచిపెడతాం. పిల్ల సంబంధం చెడిపోతుందని, నలుగురూ నవ్వుతారని. 'ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి' అని జబ్బుపడ్డవాళ్ళకే బుద్ధి చెబుతాం. దిగులుకు ఒంట్లో కూడా వేరు ఉందని లోకానికి ఎట్లా తెలిసిందో ఈసారి చెప్పుకుందాం. అది తెలిసింది వేరే జబ్బులకు ఇచ్చిన రెండు మందుల వల్ల.

మొదటిది మన దేశపు వేరు, సర్పగంధ. బీహారులో దానికి 'పాగల్ కీ దవా' అని పాత పేరు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు పిచ్చికీ రక్తపోటుకూ పనిచేస్తుందని వ్యాసం రాశారు. బయటి దేశాలవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రక్తపోటు రోగుల లెక్కలు బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేసిన తర్వాతే అటు తిరిగి చూశారు. (మనవాడు చెప్పింది అక్కడ అచ్చయితేగాని నమ్మరు. మనమూ అంతే కదా!) 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీ ఆ వేరులోనుంచి రెసెర్పిన్ అనే సరుకు తీసింది.

రక్తపోటుకని ఆ బిళ్ళ మింగినవాళ్ళలో కొందరు ఏ కారణమూ లేకుండా దిగులులో పడిపోయారు. ఇంట్లో చావు లేదు, అప్పు లేదు, ఉన్నదల్లా బిళ్ళ.

రెండోది దీనికి తలకిందులు. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ క్షయ ఆసుపత్రిలో ఇప్రోనయాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. మంచం దిగని రోగులు కొందరు హుషారై నవ్వుతూ తిరగడం మొదలుపెట్టారు. తర్వాత నేథన్ క్లైన్ అనే డాక్టరు దాన్ని దిగులుకే వాడి చూశాడు. కాలేయం చెడి కామెర్లు వస్తున్నాయని తర్వాత ఆపేశారనుకోండి.

రైల్వేవాళ్ళం, మా భాషలో చెబుతాం. నరం కొసను గూడ్స్ షెడ్డు అనుకోండి. సెరటోనిన్ లాంటి సరుకు చిన్న సంచుల్లో నిండి పక్క నరానికి పోవాలి. రెసెర్పిన్ సంచుల్లోకి సరుకు ఎక్కనివ్వదు. బయట పడివున్న సరుకును విరిచి పారేసే ఎంజైము ఒకటి ఉంది, అది పని ముగించేస్తుంది. ఇప్రోనయాజిడ్ ఆ ఎంజైము చేయి పట్టుకుంటుంది, సరుకు మిగులుతుంది. రెసెర్పిన్ ఇస్తే మెదడులో సెరటోనిన్ ఖాళీ అవుతుందని 1955లో అమెరికాలో బ్రోడీ బృందం చూపించింది. 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ రెసెర్పిన్ ఇచ్చిన కుందేళ్ళు కదలకుండా పడివుంటే, డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఎక్కించాడు. కాసేపట్లో లేచి తిరిగాయి. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది.

అయితే 'సెరటోనిన్ తక్కువైంది, అందుకే దిగులు' అని ఒక్క మాటలో తేల్చేవాళ్ళను నమ్మకండి. నేటి మందులు ఆ సరుకును కొన్ని గంటల్లోనే పెంచుతాయి, మనసు తేలికపడడానికి మాత్రం వారాలు పడుతుంది. అంటే నడుమ ఇంకేదో జరుగుతోంది. ఆ ఒక్క మాటకు గట్టి ఆధారం దొరకలేదని 2022లో లండన్ పరిశోధకులు పాత పరిశోధనలన్నీ తిరగేసి రాశారు. అది చదివి బిళ్ళ పనికిరాదని పెట్టె మూసేయడం తప్పు. మందు ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలియకపోవడం వేరు, పనిచేయకపోవడం వేరు. డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానితే ఒళ్ళు తిరగబడుతుంది.

ఇంత చరిత్ర నడిచాక కూడా, 2001 ఆగస్టు 6న మన రామనాథపురం జిల్లా ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. మందు కనిపెట్టి అప్పటికి యాభై ఏళ్ళు. వాళ్ళను అక్కడ దింపి వెళ్ళినవాళ్ళు కూడా మనలాంటి ఇళ్ళవాళ్ళే.

కేంద్ర ప్రభుత్వం 2022లో టెలి మానస్ అనే ఫోను సేవ పెట్టింది. నంబరు 14416, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టనక్కరలేదు. తమిళంతో పాటు తెలుగులో కూడా మాట్లాడవచ్చు.