విద్యుత్ కార్ల బ్యాటరీ: అద్దె, కొనుగోలు (నిజామాబాద్–బోధన్ ప్రాంతం)

విద్యుత్ కారు ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. దాన్ని కారుతోపాటే కొనుక్కోవడం ఒక పద్ధతి. కారు మాత్రం కొని, బ్యాటరీకి నెలకింత అనో కిలోమీటరుకింత అనో కట్టుకుంటూ పోవడం రెండోది. బ్యాటరీ అరిగితే ఆ నష్టం ఎవరు భరించాలన్నదే రెండింటి మధ్య అసలు తగాదా.

ఈ అద్దె పద్ధతి లిథియం బ్యాటరీలకన్నా పాత సంగతి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఎలక్ట్రిక్ లైట్ కంపెనీ 1910 నుంచి 1924 వరకు సరుకు బండ్లకు మార్చుకునే బ్యాటరీలు సమకూర్చింది. యజమాని బ్యాటరీ లేని ట్రక్కు కొని, తిరిగిన మైళ్లను బట్టి కొంత, నెలవారీ రుసుము కొంత చెల్లించేవాడు. అలా ఆ బండ్లు 60 లక్షల మైళ్లకు పైగా తిరిగాయి.

తర్వాత చాలాకాలం ఈ ఊసు లేదు. 2007లో షాయ్ అగాసీ స్థాపించిన బెటర్ ప్లేస్ కంపెనీ ఇజ్రాయెల్‌లో బ్యాటరీ మార్పిడి కేంద్రాలు పెట్టి, 2013 మేలో దివాలా తీసింది. యూరప్‌లో రెనో కంపెనీ జోయీ కారును బ్యాటరీ అద్దె మీద అమ్మింది. అక్కడ చిక్కు సెకండ్‌హ్యాండ్ అమ్మకంలో వచ్చింది: కారు కొన్నవాడు పాత యజమాని బ్యాటరీ ఒప్పందాన్ని కూడా నెత్తికెత్తుకోవాలి. ఈలోగా 2010లో కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్ల పైనున్న బ్యాటరీ ధర 2024 నాటికి 115 డాలర్లకు దిగింది. కంపెనీలు ఎనిమిదేళ్ల వారంటీ ఇవ్వడం మామూలైంది. దాంతో అరుగుదల భయం తగ్గి, అద్దెకున్న మొదటి కారణం పలచబడింది.

భారతదేశంలో 2020 ఆగస్టు 12న కేంద్ర రవాణా శాఖ బ్యాటరీ లేకుండా కూడా విద్యుత్ వాహనాలను అమ్మవచ్చని, రిజిస్టర్ చేయవచ్చని రాష్ట్రాలకు తెలిపింది. పన్ను మాత్రం కలిసిరాలేదు. వాహనంతో కలిపి కొంటే జీఎస్టీ 5 శాతం, బ్యాటరీ విడిగా కొంటే 18 శాతం. కార్లలో అద్దె పద్ధతి జనం నోళ్లలో నానింది 2024 సెప్టెంబరులో, ఎంజీ కంపెనీ విండ్సర్ కారు రాకతో. అప్పట్లో దాని ఆరంభ ధర బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, కిలోమీటరుకు 3.50 రూపాయల అద్దె. బ్యాటరీతో అయితే 13.50 లక్షలు. అద్దె వసూలు చేసేది ఫైనాన్స్ సంస్థలు కాబట్టి, దీన్ని అద్దె అనడం కన్నా బ్యాటరీ మీద వాయిదాల అప్పు అనడమే నిజానికి దగ్గర.

నిజామాబాద్ నుంచి బోధన్‌కు రానుపోను సుమారు 50 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు తిరిగే ఉద్యోగికి 1,250 కిలోమీటర్లు, ఆరంభ రేటు ప్రకారం 4,375 రూపాయలు అవుతాయి. ఛార్జింగ్ కరెంటు ఖర్చు వేరు. అయితే కొన్ని ఒప్పందాల్లో నెలకు 1,500 కిలోమీటర్ల కనీస లెక్క ఉంటుంది. తిరిగినా తిరగకున్నా 5,250 కట్టాలి. విండ్సర్ ఆరంభపు రెండు ధరల మధ్య తేడా 3.51 లక్షలు. వడ్డీ పక్కనపెడితే, కనీస లెక్క లేనిచోట అది ఆరేళ్ల ఎనిమిది నెలల అద్దెకు సమానం, ఉన్నచోట ఐదున్నరేళ్లకు కాస్త పైన. చెరకు రైతుకు ఈ కనీస లెక్క మరీ ఇబ్బంది. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఇక్కడి చెరకు కామారెడ్డి జిల్లా ఫ్యాక్టరీల దారి పట్టింది. క్రషింగ్ నెలల్లో తిరుగుడు ఎక్కువ. వానాకాలంలో బండి ఇంటి ముందే ఉన్నా అద్దె ఆగదు. ఇక 45 డిగ్రీలు తాకే ఇక్కడి వేసవి ఎండ ఏ బ్యాటరీకైనా మంచిది కాదు, సొంతమైనా అద్దెదైనా.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. ఇది కొనుగోలు వైపు మొగ్గును కొంత పెంచేదే.

అరుగుదల భారాన్ని పూర్తిగా ఎదుటివారికి వదిలేసిన ఉదాహరణ కార్లలో కాక, నిజామాబాద్ బస్టాండులోనే కనిపిస్తుంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు అవన్నీ సొంతవే. దానికి వారసత్వంగా వచ్చిన ఆర్టీసీలో అద్దె బస్సులు తర్వాత వచ్చాయి. 2024 సెప్టెంబరులో కరీంనగర్‌లో మొదలై నిజామాబాద్ రెండో డిపోకూ వచ్చిన విద్యుత్ బస్సులు ఆ బాటలోవే. బస్సు, బ్యాటరీ, డ్రైవరు జేబీఎం కంపెనీ వైపు. కండక్టరు, టికెట్టు డబ్బు ఆర్టీసీ వైపు. కంపెనీకి కిలోమీటరు లెక్కన చెల్లింపు. బ్యాటరీ నీరసిస్తే మార్చుకోవాల్సింది కంపెనీయే.

కారు కొనేవారికి అంత వెసులుబాటు లేదు. విండ్సర్ బ్యాటరీకి ఇచ్చిన జీవితకాల వారంటీ మొదటి యజమానికే వర్తిస్తుంది. బండి చేతులు మారితే 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. బ్యాటరీ బాకీ ఉన్న బండిని అమ్మాలంటే ముందు ఫైనాన్స్ సంస్థ లెక్క తేల్చుకోవాలి.