మేధోవైకల్యంగల వయోజనుల ఆవాససంరక్షణ: నాణ్యతాభావన పరిణామం (బ్రిటన్, 1948–2012)

వ్యాససంగ్రహం:

మేధోవైకల్యంగల వయోజనులు నివసించే సంస్థలలో సంరక్షణ బాగుందో లేదో దేనినిబట్టి నిర్ణయించాలి? ఈ ప్రశ్నకు బ్రిటన్‌లో పరిశోధకులు ఇచ్చిన సమాధానాలను, ప్రభుత్వాలు అనుసరించిన కొలతలను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈలీ ఆసుపత్రి విచారణ మొదలుకొని వింటర్‌బోర్న్ వ్యూ ఉదంతం వరకు గల చరిత్రను కాలక్రమంలో వివరించి, నాణ్యత అనేది భవనంలోనో దస్తావేజులలోనో కాక, సిబ్బందికీ నివాసికీ మధ్య రోజంతా నడిచే వ్యవహారంలో ఉంటుందన్న అవగాహన 1971 నాటికే ఏర్పడిందని, పాలనావ్యవస్థ మాత్రం దానిని తన కొలతలలోకి పూర్తిగా తీసుకోలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మేధోవైకల్యం, ఆవాససంరక్షణ, నాణ్యత, ఈలీ, టిజార్డ్, వింటర్‌బోర్న్ వ్యూ.

1. ప్రవేశిక

ముందుగా పరిభాష గురించి ఒక మాట. బ్రిటన్‌లో ‘లర్నింగ్ డిజెబిలిటీ’ అనే పదబంధం మన దేశంలో ఒకప్పుడు బుద్ధిమాంద్యమనీ, నేడు మేధోవైకల్యమనీ వ్యవహరిస్తున్న స్థితిని సూచిస్తుంది. మన దేశంలో అదే మాట చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో కలిగే ప్రత్యేకమైన ఇబ్బందులకు వాడుకలో ఉంది. ఈ గందరగోళానికి తావివ్వకుండా ఈ వ్యాసంలో మేధోవైకల్యం అనే పదమే వాడడమైంది. ఆవాససంరక్షణ అంటే నివాసం, తిండి, స్నానం, కాలక్షేపం మొదలైనవన్నీ ఒక సంస్థ ఆధీనంలో జరిగే ఏర్పాటు.

ఈ విషయంలో ఒక మౌలికమైన చిక్కు ఉంది. అక్కడ నివసించేవారిలో చాలామంది తమకు జరుగుతున్నది మాటలలో చెప్పుకోలేరు. చెప్పగలిగినవారి మాటను నమ్మేవారు తక్కువ. కాబట్టి సంరక్షణ ఎలా ఉందన్నది ఇతరులు చూసి తేల్చవలసి వస్తుంది. ఎవరు చూశారు, ఏమి చూశారు, ఏమి చూడలేదు అన్నదే ఈ చరిత్రకు ప్రాణం.

2. కాలనీ నుండి ఆసుపత్రికి

1913 నాటి మానసికలోప చట్టం బ్రిటన్‌లో మేధోవైకల్యంగలవారిని నాలుగు వర్గాలుగా విభజించి, వారిని సమాజం నుండి వేరుచేసి ఉంచడానికి చట్టబద్ధత కల్పించింది. ఊళ్లకు దూరంగా విశాలమైన స్థలాలలో ‘కాలనీలు’ వెలిశాయి. పొలం, చాకిరేవు, వంటశాల, కుట్టుపని అన్నీ లోపలే ఉండేవి. ఆ పనులు చాలావరకు నివాసులే చేసేవారు.

1948 జూలై 5న జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమైనప్పుడు ఈ కాలనీలలో అధికభాగం ఆసుపత్రులుగా మారాయి. గోడలు, మనుషులు, దినచర్య అవే, మారినది పేరు. కానీ ఆ పేరు వల్ల ఒక పర్యవసానం కలిగింది. జబ్బులేని మనుషులు ‘రోగులు’ అయ్యారు. వారు పడుకునే గది వార్డు అయింది. వారి జీవితం ఎలా సాగుతోందన్న ప్రశ్న స్థానంలో పడకలెన్ని, నర్సులెందరు అన్న లెక్కలు వచ్చి చేరాయి.

దీనిపై తొలి అభ్యంతరం హక్కుల కోణం నుండి వచ్చింది. పౌరస్వేచ్ఛల జాతీయమండలి 1951లో ‘ఫిఫ్టీ థౌజండ్ అవుట్‌సైడ్ ది లా’ అనే కరపత్రం ప్రచురించి, మానసికలోపం పేరుతో మనుషులను ఏళ్లతరబడి నిర్బంధించడాన్ని ప్రశ్నించింది. 1959 నాటి మానసికారోగ్య చట్టం పాత చట్టాన్ని రద్దుచేసి, నిర్బంధం లేకుండా స్వచ్ఛందంగా చేరే మార్గం చూపింది. అయితే వెలుపల ఉండడానికి వేరే చోటు లేనివారికి ఈ స్వేచ్ఛ కాగితం దాటి రాలేదు. 1960ల చివరనాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 60,000 మంది ఈ ఆసుపత్రులలోనే ఉన్నారు.

3. బ్రూక్‌లాండ్స్ ప్రయోగం

సంరక్షణపద్ధతి మారితే మనిషి ఎదుగుదల మారుతుందా? ఈ ప్రశ్నను ప్రయోగపూర్వకంగా పరీక్షించిన మనస్తత్త్వశాస్త్రవేత్త జాక్ టిజార్డ్. 1958లో లండన్‌లోని ఫౌంటెన్ ఆసుపత్రి నుండి 16 మంది పిల్లలను సర్రే ప్రాంతంలోని బ్రూక్‌లాండ్స్ అనే గృహానికి తరలించారు. వయసులోనూ వైకల్యంలోనూ వారితో సరిపోలే మరో 16 మంది పిల్లలు ఆసుపత్రిలోనే ఉండిపోయారు. బ్రూక్‌లాండ్స్‌లో పిల్లలను చిన్న బృందాలుగా చేసి, ఒక్కొక్క బృందానికి స్థిరంగా కొందరు పెంపకందారులను ఏర్పాటు చేశారు. ఆటలు, మాటలు, బొమ్మలు, తోట వారి దినచర్య అయ్యాయి.

రెండేళ్ల తరువాత పరీక్షిస్తే మాటలకు సంబంధించిన మానసికవయస్సులో బ్రూక్‌లాండ్స్ పిల్లల పెరుగుదల ఆసుపత్రి పిల్లల కంటే స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. ప్రయోగం పిల్లలపైనే జరిగినా, దాని తాత్పర్యం వయోజనులకూ వర్తించేదే. వార్డులో మూగగా కూర్చున్న మనిషిని చూసి ‘ఇతని స్థితి ఇంతే’ అనుకోవడం పొరపాటు కావచ్చు. ఆ మౌనంలో కొంతభాగం వైకల్యానిది కాదు, వార్డుది.

4. ఈలీ విచారణ (1967–69)

1967 ఆగస్టులో ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ పత్రిక ఒక ఆసుపత్రిలోని దుర్వ్యవహారాలను గురించి, అక్కడ పనిచేసిన సహాయకుడొకరు చేసిన ఆరోపణలను ప్రచురించింది. అది వేల్స్ రాజధాని కార్డిఫ్‌లోని ఈలీ ఆసుపత్రి. న్యాయవాది జెఫ్రీ హౌ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. దాని నివేదికను కుదించి ప్రచురించాలన్న ఒత్తిడి ఉన్నా, సంబంధిత మంత్రి రిచర్డ్ క్రాస్‌మన్ 1969 మార్చిలో పూర్తిపాఠాన్ని వెలువరించాడు.

ఆరోపణలలో అనేకం నిజమని తేలడం ఒక ఎత్తు; అవి ఎలా సాధ్యమయ్యాయో నివేదిక వివరించిన తీరు మరొక ఎత్తు. కిక్కిరిసిన వార్డులు, చాలని సిబ్బంది, కాలంచెల్లిన నర్సింగ్ పద్ధతులు, బయటి ప్రపంచంతో సంబంధం తెగిన ఉద్యోగజీవితం, ఫిర్యాదు చేసినవారినే వేధించే ఆనవాయితీ ఇవన్నీ కలిసి అక్కడి క్రూరత్వాన్ని మామూలు విషయంగా మార్చాయి. ఆసుపత్రిని పర్యవేక్షించవలసిన సంఘాలకు లోపలి సంగతి తెలియదు. తెలుసుకునే ఏర్పాటూ లేదు.

దీని ఫలితంగా 1969లోనే ఆసుపత్రి సలహాసేవ ఏర్పడింది. బయటివారు దీర్ఘకాలిక ఆసుపత్రులకు వెళ్లి పరిస్థితులు చూసి నివేదించే పద్ధతి అప్పుడు మొదలైంది. 1971 శ్వేతపత్రం ఆసుపత్రి పడకలను సుమారు ఇరవై ఏళ్లలో సగానికి తగ్గించి, స్థానికసంస్థల ఆధ్వర్యంలో నివాసాలను పెంచాలని నిర్దేశించింది. ఈ రెండూ అవసరమైన చర్యలే. అయితే మొదటిది తనిఖీని, రెండవది పడకల సంఖ్యను నాణ్యతకు గుర్తులుగా నిలబెట్టాయి.

5. దినచర్యే కొలమానం

శ్వేతపత్రం వెలువడిన 1971లోనే రాయ్ కింగ్, నార్మా రేన్స్, జాక్ టిజార్డ్‌ల ‘ప్యాటర్న్స్ ఆఫ్ రెసిడెన్షియల్ కేర్’ అనే గ్రంథం వచ్చింది. అర్వింగ్ గాఫ్‌మన్ 1961లో ‘అసైలమ్స్’ గ్రంథంలో చేసిన సంస్థాజీవిత విశ్లేషణ ఆధారంగా వీరు నాలుగు లక్షణాలను ఎంచుకున్నారు. మొదటిది, మనిషినిబట్టి గానీ రోజునుబట్టి గానీ సడలని దినచర్య. రెండవది, అందరినీ ఒక మందలా కలిపి లేపడం, తినిపించడం, స్నానం చేయించడం. మూడవది, సొంత బట్టలు, సొంత వస్తువులు, ఏకాంతం లేకపోవడం. నాలుగవది, సిబ్బందికీ నివాసులకూ మధ్య దూరం: వేరువేరు చోట్ల తినడం, కలిసి కూర్చోకపోవడం.

ఈ నాలుగింటినీ చిన్నచిన్న ప్రశ్నలుగా విడగొట్టి వారొక కొలమానం తయారుచేశారు. సెలవురోజున కూడా అదే వేళకు లేపుతారా? స్నానానికి వరుసలో నిలబెట్టి వేచి ఉంచుతారా? తన బట్టలు తనకే ఉంటాయా? సిబ్బంది వారితో కలిసి భోంచేస్తారా? ఇలాంటి ప్రశ్నలకు వైద్యపరిజ్ఞానం అక్కరలేదు. అక్కడ కొంతసేపు ఉండి చూస్తే చాలు.

పరిశోధన ఫలితాలు రెండు అపోహలను తొలగించాయి. సంస్థ పరిమాణం ఒక్కటే సంరక్షణస్వభావాన్ని నిర్ణయించదని, సిబ్బంది సంఖ్య పెరిగినంత మాత్రాన మనిషిని మనిషిగా చూసే పద్ధతి రాదని తేలింది. ఆ గృహాన్ని నడిపే వ్యక్తికి ఉన్న శిక్షణ, నిర్ణయస్వేచ్ఛ, ఆ వ్యక్తి నివాసులతో గడిపే సమయం ఎక్కువ ప్రభావం చూపాయి. రేన్స్, ఆమె సహపరిశోధకులు తరువాతికాలంలో ఈ కొలమానాన్ని వయోజనుల ఆవాసాలకూ అనువర్తింపజేశారు.

6. సామాన్యజీవనమనే ఆదర్శం

ఈ ఆలోచనకు స్కాండినేవియా నుండి బలం చేకూరింది. మేధోవైకల్యంగలవారి జీవితం వీలైనంతవరకు సామాన్యుల జీవితంలా ఉండాలన్న భావన 1959 నాటి డెన్మార్క్ చట్టంలో చోటుచేసుకుంది. స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ నిర్యె 1969లో దానికి సిద్ధాంతరూపమిచ్చాడు. బ్రిటన్‌లో 1979 నాటి జే సంఘం నివేదిక, 1980లో కింగ్స్ ఫండ్ సంస్థ ప్రచురించిన ‘యాన్ ఆర్డినరీ లైఫ్’ మామూలు వీధులలో మామూలు ఇళ్లను ప్రతిపాదించాయి. తీవ్రవైకల్యంగలవారు కూడా అలాంటి ఇళ్లలో నివసించగలరని 1980లలో దక్షిణ ఇంగ్లండ్‌లో జరిగిన ప్రయత్నాలు నిరూపించాయి. వాటిని జిమ్ మాన్సెల్, డేవిడ్ ఫెల్స్ మొదలైనవారు అధ్యయనం చేశారు.

ఆ అధ్యయనాలలో తేలిన విషయం మనం గమనింపదగినది. చిన్న ఇళ్లు సగటున పెద్ద ఆసుపత్రుల కంటే మేలు. కానీ ఇళ్ల మధ్య తేడాలు విస్తారం. కొన్ని ఇళ్లలో నివాసులు రోజులో అధికభాగం ఏ పనీ లేకుండా కూర్చునేవారు. వంట, ఉతుకుడు, సర్దుడు అంతా సిబ్బందే ముగించేవారు. మరికొన్నింటిలో అదే స్థాయి వైకల్యం ఉన్నవారు కూరగాయలు కడిగేవారు, బజారుకు వెళ్లేవారు. పనిని చిన్న భాగాలుగా విడగొట్టి, అవసరమైనంతే చేయూతనిచ్చి, నివాసి చేతనే చేయించే సిబ్బంది నైపుణ్యమే ఈ తేడాకు ప్రధానకారణం. ‘యాక్టివ్ సపోర్ట్’ అనే శిక్షణపద్ధతి ఈ గమనింపు నుండే పుట్టింది.

7. వింటర్‌బోర్న్ వ్యూ (2011)

పెద్ద ఆసుపత్రులు క్రమంగా మూతపడ్డాయి. అయితే దూకుడుగా ప్రవర్తిస్తారని పేరుపడినవారికి స్థానికంగా తగిన ఏర్పాట్లు లేక, వారిని ప్రైవేటు సంస్థలకు పంపే అలవాటు పెరిగింది. ఈ ప్రమాదాన్ని మాన్సెల్ 1993 నాటి ప్రభుత్వనివేదికలోనే సూచించి, 2007లో దానిని సవరించి మళ్లీ హెచ్చరించాడు.

బ్రిస్టల్ సమీపంలోని వింటర్‌బోర్న్ వ్యూ అటువంటి ప్రైవేటు ఆసుపత్రి. 24 పడకలు, ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్ల రుసుము. నివాసులలో చాలామంది సొంత ఊళ్లకు దూరంగా వచ్చినవారు. వారిని చూడవచ్చిన కుటుంబసభ్యులను పడకగదుల వరకు రానిచ్చేవారు కాదు. 2011 మే 31న బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమం రహస్యంగా చిత్రించిన దృశ్యాలను ప్రసారం చేసింది. నివాసులను కొట్టడం, ఈడ్వడం, హేళన చేయడం దేశమంతా చూసింది. తరువాతి నెలలోనే ఆసుపత్రి మూతపడింది. 11 మంది సిబ్బంది దోషులుగా తేలగా, 2012 అక్టోబరులో ఆరుగురికి జైలుశిక్ష పడింది.

మార్గరెట్ ఫ్లిన్ రచించిన సమీక్షానివేదిక (2012) చదివితే, సమాచారం లేకపోవడం కాదు సమస్య, ఉన్న సమాచారాన్ని ఎవరూ కలిపి చూడకపోవడమే సమస్య అని అర్థమవుతుంది. నివాసులను బలవంతంగా పట్టి కదలనీయకుండా చేసిన ఘటనలు 2010లో 379 అని సంస్థ దస్తావేజులలోనే నమోదయ్యాయి. స్థానికసంస్థకు, పోలీసులకు ఫిర్యాదులు అందాయి. అక్కడ పనిచేసిన నర్సు ఒకరు నియంత్రణసంస్థకు స్వయంగా తెలియజేశారు. రుసుము చెల్లించిన అధికారులు, నియంత్రణసంస్థ, పోలీసులు ఎవరికి వారు తమ ముందున్న ఒక్కొక్క కాగితాన్నే చూశారు.

ఈలీ వందలాది పడకల ప్రభుత్వ ఆసుపత్రి, వింటర్‌బోర్న్ వ్యూ 24 పడకల ప్రైవేటు భవనం. ఈలీ నాటికి తనిఖీవ్యవస్థ లేదు, ఇక్కడ ఉంది. ఈలీలో డబ్బు కొరత, ఇక్కడ డబ్బు దండిగా ముట్టింది. నలభైనాలుగేళ్ల ఎడంతో జరిగిన ఈ రెండు ఉదంతాలలో ఉమ్మడిగా ఉన్నవి మూడు: లోపలికి రాని బయటికళ్లు, ఖాళీగా గడిచే రోజులు, ఫిర్యాదుకు దక్కని విలువ. అనుచితంగా ఆసుపత్రులలో ఉన్నవారిని 2014 జూన్ 1 నాటికి సమాజంలోకి తేవాలని 2012 డిసెంబరులో ప్రభుత్వం గడువు పెట్టుకుంది. ఆ గడువు నెరవేరలేదు.

8. భారతదేశ సందర్భం

మన దేశంలో మేధోవైకల్యంగల వయోజనుల సంరక్షణ ప్రధానంగా కుటుంబంపైనే ఆధారపడి ఉంది. 1984లో సికింద్రాబాదులో నెలకొన్న జాతీయసంస్థ శిక్షణకూ పరిశోధనకూ కేంద్రమైంది. ‘మా తరువాత మా బిడ్డకు దిక్కెవరు?’ అన్న తల్లిదండ్రుల ప్రశ్న నేపథ్యంలో 1999లో జాతీయన్యాస చట్టం వచ్చింది. దాని కింద వయోజనుల ఆవాసాల కోసం ‘ఘరౌందా’ పథకం ఏర్పడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఐదవ విభాగం సమాజంలో నివసించే హక్కును గుర్తించి, ఫలానా నివాసంలోనే ఉండితీరాలని ఎవరినీ నిర్బంధించరాదని పేర్కొంది.

సంస్థలలోని ప్రమాదం మనకూ కొత్తదేమీ కాదు. సుచితా శ్రీవాస్తవ కేసులో (2009) సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది ప్రభుత్వసంక్షేమగృహంలోనే అత్యాచారానికి గురై గర్భవతి అయిన యువతి విషయం. ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయించరాదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. మేధోవైకల్యం ఉన్నంత మాత్రాన మనిషి మాట చెల్లకుండా పోదన్నది ఆ తీర్పులోని సారం.

9. ముగింపు

పై పరిశీలన నుండి తేలే అంశాలు ఇవి. ఒకటి, పెద్ద సంస్థను చిన్నదిగా మార్చడం అవసరమే గాని, అదే నాణ్యత కాదు. రెండు, తనిఖీ అవసరమే గాని, అది దస్తావేజుల దగ్గర ఆగిపోతే దస్తావేజులు మాత్రమే బాగుపడతాయి. మూడు, కింగ్, రేన్స్, టిజార్డ్‌లు 1971లో అడిగిన ప్రశ్నలు ఏ కాలానికైనా, ఏ దేశానికైనా పనికివచ్చేవి. వాటికి పెద్ద ఖర్చు అక్కరలేదు, అక్కడ కూర్చుని చూసే ఓపిక కావాలి.

కుటుంబాలు చిన్నవై, తల్లిదండ్రులు వృద్ధులవుతున్న తెలుగునాట వయోజనుల ఆవాసాల అవసరం పెరగక తప్పదు. వాటికి అనుమతులిచ్చేటప్పుడు గదుల కొలతలతోపాటు మరికొన్ని ప్రశ్నలూ వేయాలి. ఇక్కడ ఉండేవారు ఉదయం నుండి రాత్రి వరకు ఏమి చేస్తారు? ఎవరితో కలిసి తింటారు? వారి బట్టలు ఎవరు ఎంచుకుంటారు? చెప్పకుండా వచ్చిన బంధువును వారి పడకగది వరకు వెళ్లనిస్తారా? బ్రిటన్ ఈ ప్రశ్నలను తానే రూపొందించుకుని కూడా పక్కనపెట్టింది. అందుకు మూల్యం చెల్లించినవారు తమ బాధను చెప్పుకోలేనివారు. ఈ ప్రశ్నలను మొదటినుంచే అడిగే అవకాశం మనకింకా ఉంది.